అసలు వెంట వచ్చిన కొసరు

ఆకుముడత వైరస్ సోకిన టమాటా మొక్కను ఒక్కసారి చూస్తే మరిచిపోలేం. ఆకులు దొన్నెల్లా పైకి ముడుచుకుంటాయి, అంచులు పసుపు బారతాయి, ఎదుగుదల ఆగి మొక్క గిడసబారిపోతుంది. లేత వయసులో సోకితే కాపు మీద ఆశ వదులుకోవలసిందే. సోకిన వైరస్‌ను చంపే మందు లేదు. దాన్ని మోసుకొచ్చే తెల్లదోమ మీద పురుగుమందు చల్లవచ్చు గాని, మందులకు అలవాటు పడడంలో ఆ దోమ ఆరితేరినది. కాబట్టి తట్టుకోవలసింది మొక్కే.

సాగులో ఉన్న టమాటాకు సొంతంగా ఆ శక్తి లేదనే చెప్పాలి. దాని అడవి బంధువులకు ఉంది. ఆకుముడతను తట్టుకునే టీవై-1 జన్యువు సొలానం చిలెన్సె అనే అడవి జాతిది. టీవై-2 సొలానం హాబ్రోకైటిస్‌ది. మొజాయిక్ వైరస్‌ను అడ్డుకునే టీఎం-2 సొలానం పెరూవియానం నుంచి వచ్చింది. అయితే ఈ బంధువుల కాయలు చిన్నవి, పండినా పచ్చగానే ఉంటాయి, తినడానికి పనికొచ్చేవి కావు. మనకు కావలసింది వాటి ఒక్క జన్యువు, మిగతాదంతా బరువే.

ఆ బరువును వదిలించుకోవడానికి పాత పద్ధతి బ్యాక్‌క్రాస్. అడవి మొక్కతో మంచి రకాన్ని సంకరం చేసి, పుట్టిన సంతానంలో వైరస్‌ను తట్టుకున్నవాటిని మళ్లీ మళ్లీ అదే మంచి రకంతో కలుపుతారు. అడవి వాటా ప్రతి తరంలోనూ సగానికి పడిపోతుంది: సగం, పావు, అరపావు, వీసం. ఆరుసార్లు కలిపితే సగటున ఒక శాతం కూడా మిగలదు. కాగితం మీద లెక్క ముచ్చటగానే ఉంది.

చిక్కంతా ఆ జన్యువు ఇరుగుపొరుగుతోనే. క్రోమోజోము మీద పక్కపక్కన ఉన్న జన్యువులు కలిసే ప్రయాణిస్తాయి. వాటి మధ్య క్రోమోజోము తెగి, జంట క్రోమోజోముతో ముక్కలు మారితే తప్ప విడిపోవు. దగ్గరగా ఉన్నకొద్దీ అలా తెగడం అరుదు. 1989లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన నెవిన్ యంగ్, స్టీవెన్ టాంక్స్‌లీ టీఎం-2 ఉన్న టమాటా రకాలను పరీక్షించి, ఆ జన్యువు చుట్టూ అడవి ముక్క ఎంత మిగిలిందో కొలిచారు. అన్నిటికన్నా చిన్న ముక్క 4 సెంటిమోర్గాన్లు. (తరానికి నూటికి ఒకసారి తెగే అవకాశం ఉన్న దూరమే ఒక సెంటిమోర్గాన్.) అన్నిటికన్నా పెద్దది 51 దాటింది. అంటే తొమ్మిదో క్రోమోజోము పొట్టి భుజం మొత్తం అడవిదే! ఒక్క జన్యువు కోసం పోతే అసలు కన్నా కొసరే ఎక్కువైంది. కొత్త రకాలు తయారు చేసే ప్రజనకుల శ్రమలో లోపమేమీ లేదు. జన్యువు పక్కనే తెగిన అరుదైన మొక్క వాళ్ల ముందుకు వచ్చినా, దాన్ని గుర్తుపట్టే కన్ను వాళ్లకు లేదు.

ఆ కన్నే మాలిక్యులర్ మార్కర్. అడవి డీఎన్ఏ, సాగు డీఎన్ఏ ఒకదానితో ఒకటి తేడాగా ఉండే చోటును గుర్తుగా వాడుకుంటారు. నారు దశలోనే చిటికెడు ఆకు తుంచి, డీఎన్ఏ తీసి, పీసీఆర్‌తో ఆ చోటును లక్షల ప్రతులుగా పెంచి చూస్తే అక్కడున్నది ఎవరి ముక్కో తెలుస్తుంది. మొక్కలోకి కొత్తగా ఏదీ ఎక్కించరు, ఉన్నదాన్ని చదువుతారంతే. జన్యుమార్పిడి పంటలతో దీన్ని కలగలిపి భయపడేవారు ఇది గమనించాలి. జన్యువుకు రెండు వైపులా మార్కర్లు పెట్టుకుని, ఒక తరంలో ఒక వైపు తెగిన మొక్కను, తర్వాతి తరంలో రెండో వైపు తెగినదాన్ని ఏరుకుంటే చాలు. మామూలుగా 100 బ్యాక్‌క్రాస్‌లు పట్టే పనిని ఇలా రెండు తరాల్లో ముగించవచ్చని యంగ్, టాంక్స్‌లీ అంచనా కట్టారు.

పొలంలో కంటిచూపు చేసే మోసం ఇంకొకటి ఉంది. జబ్బు పడని మొక్కలన్నీ తట్టుకున్నవి కావు, దోమ వాలనివీ ఉంటాయి. మార్కర్ దగ్గర ఆ పొరపాటు జరగదు. ఆకుముడతనే తట్టుకునే టీవై-5 లాంటి అంతర్గత జన్యువు జంటగా ఉంటేనే పని చేస్తుంది కాబట్టి, ఒక్క ప్రతి ఉన్న మొక్క మామూలుగానే జబ్బు పడుతుంది. దాన్ని పారేయకుండా కాపాడేదీ మార్కరే. ఇక టీవై-1, టీవై-2 రెండూ ఒకే మొక్కలో చేరాయా అన్నది ఆకు చూసి చెప్పడం ఎవరి తరం?

అలాగని మార్కర్ సర్వజ్ఞురాలు కాదు. అది జన్యువు పొరుగింటి గుర్తు మాత్రమే అయితే, మధ్యలో తెగినప్పుడు గుర్తు ఉండి జన్యువు లేని మొక్క చేతికొస్తుంది. అసలు తెగనివ్వని చోట్లూ ఉన్నాయి. టీవై-1 ఉండే ఆరో క్రోమోజోములో అడవి జాతి డీఎన్ఏ కొంత భాగం తలకిందులుగా అమరి ఉంది. సాగు టమాటా క్రోమోజోముతో వరస కుదరక అక్కడ ముక్కల మార్పిడి దాదాపు ఆగిపోతుంది, కొసరు అలాగే అతుక్కుని ఉంటుంది. ఎంత పదునైన కన్నున్నా, జరగని కోతను ఎలా చూస్తుంది?

వైరస్ కూడా ఊరుకోదు. దశాబ్దాల పాటు మొజాయిక్ వైరస్‌కు గోడలా నిలిచిన టీఎం-2 స్క్వేర్ జన్యువును (టీఎం-2కే మరో రూపం), 2010ల మధ్యలో ఇజ్రాయెల్, జోర్డాన్‌లలో తొలిసారి బయటపడిన ముడత కాయల వైరస్ (టమాటా బ్రౌన్ రుగోస్ ఫ్రూట్ వైరస్) లెక్కచేయలేదు. దానికి విరుగుడు కోసం ప్రజనకులు మళ్లీ అడవి టమాటాల దగ్గరికే వెళ్లారు, ఈసారి మార్కర్లు చేతిలో పట్టుకుని.