ప్లేట్‌లెట్ల లెక్క దగ్గరే ఆగిన మందు

లోతు నీటి నుంచి త్వరగా పైకి వచ్చిన డైవర్ల ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టే జబ్బు డీకంప్రెషన్ సిక్‌నెస్. మళ్లీ ఒత్తిడి పెంచి దాన్ని నయం చేసే గది, అంటే రీకంప్రెషన్ చాంబర్, అందుబాటులో లేని చోట పెర్‌ఫ్లోరోకార్బన్ ఎమల్షన్ (వాయువులను బాగా కరిగించుకునే ద్రవాన్ని సన్నని బిందువులుగా కలిపిన మందు) సిరలోకి ఎక్కించవచ్చా? ఈ వాదన మళ్లీ రాజుకుంది. అభ్యంతరం పాతదే: ప్లేట్‌లెట్లు పడిపోతాయి, రక్తస్రావం కావచ్చు. బుడగలు ఎలా పుడతాయో, చాంబర్ వైద్యం ఎలా వచ్చిందో తెలిసిన సంగతే. ఇప్పటి గొడవ మూలం మాత్రం 2001 జనవరిలో ఉంది.

గుండె బైపాస్ సర్జరీ రోగుల్లో ఆక్సిజెంట్ అనే పెర్‌ఫ్లోరోకార్బన్ ఎమల్షన్‌పై జరుగుతున్న మూడో దశ పరీక్షను దాని తయారీ కంపెనీ అలయన్స్ ఫార్మాస్యూటికల్ అప్పుడే ఆపేసింది. మందు తీసుకున్నవారిలో స్ట్రోకులు ఎక్కువ కనిపించాయి. వ్యతిరేకులకు అది చాలు. కంపెనీ వాదన వేరు: ఆపరేషన్‌కు ముందు రోగి సొంత రక్తాన్ని తీసి నిల్వ చేసే పద్ధతిలో మరీ ఎక్కువ తీశారు, చేటు దానివల్లే. ఈ మాటను కొట్టిపారేయలేం. బైపాస్ యంత్రమే ప్లేట్‌లెట్లను దెబ్బతీస్తుంది, పైగా రోగికి రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్‌ను పూర్తి మోతాదులో ఇస్తారు. డైవర్‌కు ఇవేవీ ఉండవు. అయినా మచ్చ మందుకే అంటుకుంది.

అప్పటికి రష్యా జలాంతర్గామి కుర్స్క్ మునిగి ఆరు నెలలు కూడా కాలేదు. పదుల మందిని ఒకేసారి పైకి తెస్తే చాంబర్లు చాలవన్నది నేవీల బెంగ. అందుకే చాంబర్ లేని దారిగా ఈ మందుపై ఆశ: పెర్‌ఫ్లోరోకార్బన్‌లో నైట్రోజన్ ప్లాస్మాలో (రక్తంలోని ద్రవ భాగంలో) కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరుగుతుంది. 2004లో వెలువడిన పందుల ప్రయోగంలో, ఆక్సిజన్‌తో పాటు ఈ ఎమల్షన్ అందుకున్న గుంపులో జబ్బు తగ్గింది.

ఇక ప్లేట్‌లెట్లు. ఇక్కడ రెండు వేర్వేరు పతనాలను ఒకటిగా కలిపేస్తున్నారు. మొదటిది జబ్బుదే: బుడగ ఉపరితలానికి ప్లేట్‌లెట్లు అతుక్కుని గుంపు కడతాయి, లెక్క తొలి గంటల్లోనే తగ్గుతుంది. రెండోది మందుది: 2 నుంచి 4 రోజుల మధ్య కనిపించి, తర్వాత కోలుకుంటుంది. గుడ్డుసొన ఫాస్ఫోలిపిడ్ పూత ఉన్న ఎమల్షన్ కణాలను కాలేయం, ప్లీహం ఏరిపారేస్తాయి; ఆ ఊపులో కొన్ని ప్లేట్‌లెట్లూ పోతాయన్నది ఎక్కువమంది చెప్పే వివరణ.

భయానికి అసలు ఆధారం లేదని కాదు. వెన్నుపాములో, లోపలి చెవిలో ఈ జబ్బు రక్తస్రావం కలిగించగలదు. గడ్డలను ఆపుతుందని ఆశపడిన హెపారిన్‌ను పూర్తి మోతాదులో ఇవ్వకపోవడానికి కారణమదే. కాళ్లు కదలని రోగికి సిరల్లో గడ్డలు రాకుండా తక్కువ అణుభారం గల హెపారిన్ వాడతారు, అంతే. కానీ నొప్పి, వాపు తగ్గించే టెనోక్సికామ్ కూడా ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకునే మందే. 2003 నాటి పరీక్షలో అది రోగులకు అవసరమైన చాంబర్ చికిత్స విడతల మధ్యగతాన్ని 3 నుంచి 2కు తగ్గిస్తే మెచ్చుకున్నారు. ఈ కొలబద్ద ఒక్కో మందుకు ఒక్కోలా ఉంది.

కొలతలోనూ చిక్కుంది. ఎమల్షన్ ఎక్కాక ప్లాస్మా పాలలా తెల్లబడుతుంది, కాంతి ఆధారంగా గడ్డను పసిగట్టే యంత్రాలు తడబడతాయి. గడ్డ గట్టిదనాన్నే కొలిచే థ్రాంబోఎలాస్టోమెట్రీ అనే పరీక్ష మేలు. ద్రవాలు ఎక్కించినప్పుడు రక్తం పలచబడి లెక్క తగ్గినట్లు కనిపిస్తుంది కాబట్టి హెమటోక్రిట్‌ను (రక్తంలో ఎర్ర కణాల వాటాను) పక్కనే చూడాలి. తొలి నమూనా మందుకు ముందే తీయాలి, చివరిది నాలుగో రోజు తర్వాత. 24 గంటల్లో ముగించే ప్రయోగానికి మందువల్ల వచ్చే పతనం అసలు చిక్కదు.