రాళ్ల గాజుల మెరుపు ఎక్కడిది?

చేతి గాజుల నుంచి ఊడిన రాయి దొరికితే పారేయకండి, వెనక్కి తిప్పి చూడండి. అడుగున అద్దానికి ఉన్నట్టే పల్చటి పూత ఉంటుంది. దాన్ని పిన్నుతో గీకేసి మళ్లీ ముందువైపు చూస్తే రాయి వెలవెలబోతుంది, మామూలు గాజు పెంకే మిగులుతుంది. చిన్నప్పుడు మా అమ్మ లాడ్ బజార్ గాజుల రాయిని ఇలా గీకి చూసినప్పటి నుంచి నాకు ఈ రాళ్లంటే పిచ్చి.

వజ్రానికి పూత అక్కర్లేదు. లోపలికి దూరిన వెలుతురు అడుగు పలకను నిటారుగా కాకుండా 24 డిగ్రీలు దాటి వాలుగా తాకితే చాలు, బయటికి పోలేక వెనక్కి తిరిగి మన కంటికి చేరుతుంది. మామూలు గాజులో ఆ హద్దు 41 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి చాలా వెలుతురు అడుగునుంచే జారిపోతుంది, దాన్ని ఆపి వెనక్కి పంపడానికే ఆ పూత. గాజులో సీసం కలిపితే వెలుతురు ఇంకాస్త ఎక్కువ వంగుతుంది, రంగులు కూడా బాగా విడిపోతాయి. 1730లలో పారిస్‌లో జార్జ్ ఫ్రెడరిక్ స్ట్రాస్ అనే నగల పనివాడు ఇలాంటి సీసపు గాజుతోనే వజ్రాల్లాంటి నగలు చేసి పేరు తెచ్చుకున్నాడు, ఫ్రెంచి వాళ్లు ఇప్పటికీ ఆ రాళ్లను స్ట్రాస్ అనే అంటారు.

ఇక మన వన్ గ్రామ్ గోల్డ్ షాపుల్లో ఏడీ స్టోన్స్ అని అడుగుతామే, అంటే అమెరికన్ డైమండ్, అది గాజు కానే కాదు. జిర్కోనియం ఆక్సైడ్ స్ఫటికం. పేరులో అమెరికా ఉన్నా దీన్ని పెద్ద ఎత్తున తయారుచేసే దారి చూపింది 1970లలో మాస్కోలోని లెబెదెవ్ భౌతికశాస్త్ర సంస్థ. దీనికి ముడిసరుకైన జిర్కోనియం ఆక్సైడ్ పొడి కరగాలంటే 2,700 డిగ్రీలు దాటాలి, అంత వేడిలో కరిగిన ముద్దను పట్టి ఉంచే పాత్ర ఎక్కడ దొరుకుతుంది? వాళ్లు ఆ పొడినే పాత్ర చేశారు! చుట్టూ నీళ్లు పారే రాగి గొట్టాలు పెట్టి, రేడియో తరంగాలతో మధ్యలో ఉన్న పొడిని మాత్రం కరిగించారు. చల్లటి గొట్టాలకు ఆనుకున్న పొడి కరగకుండా చిప్పలా గట్టిగా నిలబడితే, లోపలి ముద్ద మెల్లగా చల్లారుతూ స్ఫటికాలు కట్టింది. నాకు వజ్రం కంటే ఈ ఉపాయమే గొప్పగా అనిపిస్తుంది.

ఏడీ రాయి వజ్రం కంటే ఎక్కువ రంగులు చిమ్ముతుంది, అంతే సైజు వజ్రం కంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువు తూగుతుంది. తెలిసినవాళ్లు ఆ అతి రంగులు చూసే అనుమానపడతారు.

పూత రాళ్లకు మాత్రం నీళ్లంటే పడదు. రాయి అంచు నుంచి తడి, సబ్బు, చెమట వెనక్కి చేరితే పూత నల్లబడుతుంది, పైన ఎంత తుడిచినా లాభం ఉండదు. అంట్లు తోమేముందు గాజులు తీసి పక్కన పెట్టండి, తర్వాత పొడి గుడ్డతో తుడిస్తే చాలు.