మెయిల్ సర్వర్ మారిస్తే స్పామ్ బెడద పోతుందా? అపోహలు - వాస్తవాలు

"మెయిల్స్ అన్నీ స్పామ్‌లో పడుతున్నాయండీ, పోస్ట్‌ఫిక్స్ తీసేసి ఎగ్జిమ్ పెడదామా?" అని ఎవరైనా అడిగితే (రెండూ మెయిల్ పంపే సర్వర్ సాఫ్ట్‌వేర్లే), లాగ్, అంటే సర్వర్ రాసుకునే చిట్టా, చూశారా అని తిరిగి అడుగుతాను. చాలామంది చూసి ఉండరు.

అపోహ: మంచి సాఫ్ట్‌వేర్ పెడితే మెయిల్ నేరుగా ఇన్‌బాక్స్‌కే పోతుంది.

ఇన్‌బాక్సా, స్పామా అన్నది తేల్చేది అవతలి సర్వర్. మీరు వాడేది ఏ సాఫ్ట్‌వేరో దానికి పట్టదు. మీ ఐపీకి (సర్వర్ ఇంటర్నెట్ చిరునామాకి) మంచి పేరుందా, రివర్స్ డీఎన్ఎస్ (ఐపీని బట్టి సర్వర్ పేరు చెప్పే రికార్డు) ఉందా, ఎస్‌పీఎఫ్ (మీ డొమైన్ పేరున ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా), డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం) సరిపోతున్నాయా, డీమార్క్ (అవి సరిపోకపోతే ఏం చేయాలో చెప్పే నియమం) పెట్టారా అని చూస్తుంది. జీమెయిల్ అయితే 2024 ఫిబ్రవరి నుంచి, తన ఖాతాలకు రోజుకు 5,000 లేదా అంతకు మించి మెయిల్స్ పంపేవాళ్లకు ఇవన్నీ తప్పనిసరి చేసింది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదనీ చెప్పింది.

నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. కొన్ని మెయిల్స్ వెళ్తున్నాయి, కొన్ని తిరిగొస్తున్నాయి. రెండు రాత్రులు కూర్చుని సాఫ్ట్‌వేర్ మొత్తం మార్చేశా. అయినా అదే గోల. మూడో రోజు తీరిగ్గా లాగ్ చదివితే, తిరిగొచ్చినవన్నీ ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ చిరునామా) మీద వెళ్లినవే. ఐపీవీ4కి (పాత తరహా చిరునామాకి) పీటీఆర్, అంటే పైన చెప్పిన రివర్స్ డీఎన్ఎస్ రికార్డు ఉంది, ఐపీవీ6కి లేదు. పోస్ట్‌ఫిక్స్‌లో ఒక్క లైను మార్చి ఐపీవీ4 మీదే పంపమంటే సరిపోయేది! ఇంకో మాట: పీటీఆర్‌ను మామూలుగా మీ డొమైన్ డీఎన్ఎస్‌లో పెట్టలేరు, ఐపీ ఇచ్చినవాళ్లనే అడగాలి.

అపోహ: లాగ్‌లో అవతలి సర్వర్ జవాబుగా 250 కోడ్ వచ్చిందంటే మెయిల్ చేరినట్టే.

అవతలి సర్వర్ మెయిల్‌ను తీసుకుంది, అంతే. తర్వాత ఏ ఫోల్డర్‌లో వేస్తుందో లాగ్ చెప్పదు. 4తో మొదలయ్యే కోడ్ వస్తే మళ్లీ ప్రయత్నించమని, 5తో మొదలైతే కుదరదని. 451 చూసి టెన్షన్ పడి క్యూను (పంపాల్సిన మెయిల్స్ వరుసను) పదే పదే ఫ్లష్ చేయకండి, అంటే ఇప్పుడే పంపమని తోయకండి. పోస్ట్‌ఫిక్స్ ఎలాగూ మామూలుగా 5 రోజుల దాకా తనే ప్రయత్నిస్తూ ఉంటుంది.

అపోహ: డవ్‌కాట్ ఉంటే చాలు.

అది వచ్చిన మెయిల్స్‌ను పెట్టెలో ఉంచి చూపిస్తుంది. బయటి సర్వర్లకు చేర్చేందుకు వేరే సాఫ్ట్‌వేర్ ఉండాల్సిందే.

అపోహ: మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్లన్నీ ఒకటే, ఏదైనా పెట్టేయొచ్చు.

ఇదీ తప్పే. వీట్సే వెనేమా ఐబీఎంలో ఉండగా రాసిన పోస్ట్‌ఫిక్స్ పనిని చిన్న చిన్న ప్రాసెస్‌లకు పంచుతుంది. ఒక దాంట్లో లోపం దొరికినా మిగతావి అంత సులువుగా చిక్కవు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ఫిలిప్ హేజెల్ 1995లో మొదలుపెట్టిన ఎగ్జిమ్ ఒకే పెద్ద ప్రోగ్రామ్. కానీ ఏ మెయిల్ ఎటు పోవాలో షరతులు రాసుకోవడానికి దాన్ని మించింది నాకు కనబడలేదు. 2019లో దాని 4.87 నుంచి 4.91 దాకా వెర్షన్లలో, బయటి నుంచే రూట్ (సర్వర్ మీద పూర్తి) అధికారంతో కమాండ్లు నడిపించగల లోపం బయటపడింది. అప్‌డేట్లు బద్ధకించేవాళ్లకు నేను ఎగ్జిమ్ చెప్పను. ప్రత్యేక అవసరం లేకపోతే పోస్ట్‌ఫిక్స్ పెట్టుకోండి.

ఏది పెట్టుకున్నా, ముందు మీ సర్వర్ నుంచి బయటి మెయిల్ సర్వర్ పోర్ట్ 25కి (సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే దారికి) టెల్‌నెట్ (కనెక్షన్ కలుస్తుందో లేదో చూసే కమాండ్) కొట్టి చూడండి. చాలా క్లౌడ్ కంపెనీలు దాన్ని మూసే ఉంచుతాయి. టైమౌట్ వస్తే తెరవమని అడగాలి. కాదంటే పోర్ట్ 587 మీద ఏదో ఒక రిలే సర్వీసు (మీ తరఫున మెయిల్ పంపిపెట్టే సర్వీసు) ద్వారా పంపుకోవాలి.