"ఇంకో రెండేళ్లు ఆగితే మంచి ప్యానెల్ వస్తుందట": సోలార్ మీద అపోహలు, వాస్తవాలు

డాబాల మీద సోలార్ బిగించడం నా పని. గుంటూరు, తెనాలి, చుట్టుపక్కల ఊళ్లు. కొలతలకి వెళ్తే ఈమధ్య రేటు కన్నా ముందు వినిపిస్తున్న మాట ఒకటుంది: "మా ఫ్రెండ్సంతా ఆగమంటున్నారండీ. ఏదో కొత్త టెక్నాలజీ వస్తోందట కదా?"

ఆ ఫ్రెండ్స్ మీద నాకు కోపం లేదు. నాకూ అలాంటి బ్యాచ్ ఉంది. ఆదివారం సాయంత్రం కలిశామంటే ఫ్యూజన్ (సూర్యుడిలోలా అణుకేంద్రకాల్ని కలిపి శక్తి పుట్టించడం) దగ్గర మొదలై, సోడియం బ్యాటరీల మీదుగా హైడ్రోజన్ బస్సుల దాకా కబుర్లే కబుర్లు. ఆ ఉత్సాహం నాకు చాలా ఇష్టం. కానీ ఆ కబుర్లు విని ఇంటికెళ్లి, సంతకం పెట్టాల్సిన సోలార్ అప్లికేషన్‌ని పక్కన పెట్టేస్తున్నారు. జనం డబ్బు పోయేది అక్కడే. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: పెరోవ్‌స్కైట్ అనే కొత్త రకం పదార్థంతో చేసిన ప్యానెళ్లు వచ్చేస్తున్నాయి. ఇప్పుడు పెట్టిస్తే మనవి పాతబడిపోతాయి.

వాస్తవం: వార్త అబద్ధం కాదు. చైనా కంపెనీ లాంగి 2024లో సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ పొర వేసిన సెల్‌తో 34.6 శాతం ఎఫిషియెన్సీ, అంటే పడిన వెలుతురులో కరెంటుగా మారే వాటా, చూపించింది. మనం ఇప్పుడు బిగిస్తున్న టాప్‌కాన్ రకం సిలికాన్ ప్యానెళ్లు 22, 23 శాతం దగ్గరున్నాయి. ఆ రెండంకెలూ పక్కపక్కన చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ ఇలాంటి రికార్డులు ఎక్కువగా ల్యాబ్‌లో, వేలిగోరంత సెల్ మీద సాధించినవి. పెరోవ్‌స్కైట్‌కి తేమ పడదు, వేడి పడదు. మన దగ్గర ఆ రెండింటికీ కరువు లేదు. ఆక్స్‌ఫర్డ్ పీవీ అనే కంపెనీ 2024లో అమ్మకానికి పంపిన మొదటి టాండెమ్ (ఇలా సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ వేసిన) ప్యానెళ్లు 24.5 శాతం. అవి కూడా అమెరికాలో ఒక పెద్ద ప్రాజెక్టుకి వెళ్లాయి, ఇళ్ల మీదకి కాదు.

ల్యాబ్ నుంచి డాబా మీదకి రావడానికి ఎంత కాలం పడుతుందో పాత ప్యానెళ్ల చరిత్రే చెబుతుంది. నిన్నమొన్నటిదాకా అందరం బిగించిన పెర్క్ రకం సిలికాన్ సెల్‌ని ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ వాళ్లు 1989లోనే 22.8 శాతంతో చేసి చూపించారు. అది ఇళ్ల మీదకి రావడానికి పాతికేళ్లకు పైనే పట్టింది. టాప్‌కాన్ 2013లో జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ ల్యాబ్‌లో పుట్టింది. అది మన ఊరి షాపుల్లోకి వచ్చి ఎన్నాళ్లో కాలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎఫిషియెన్సీ పెరిగితే కలిసొచ్చేది స్థలం, యూనిట్లు కాదు. 3 కిలోవాట్లకి ఇప్పుడు 540 వాట్ల ప్యానెళ్లు ఆరు చాలు. రేపు 30 శాతం ప్యానెల్ వస్తే నాలుగో ఐదో సరిపోతాయి. కానీ 3 కిలోవాట్లు 3 కిలోవాట్లే. అప్పుడైనా ఇప్పుడైనా రోజుకి సుమారు 12 యూనిట్లే వచ్చేది. డాబా మీద ఆరు ప్యానెళ్లకి చోటున్నవాళ్లు దేని కోసం ఆగుతున్నట్టు?

ఇక లెక్క చూడండి. నెలకి 500 యూనిట్లు కాల్చే ఇంట్లో 3 కిలోవాట్లు పెడితే 350 యూనిట్ల దాకా తగ్గుతాయి. తగ్గేవి బిల్లులో పై స్లాబుల్లోవి, అంటే ఎనిమిది తొమ్మిది రూపాయల యూనిట్లే ముందు పోతాయి. మొత్తం మీద నెలకి మూడు వేలకు కొంచెం అటూ ఇటూ మిగులుతుంది. మూడేళ్లు ఆగితే లక్ష. కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద 78 వేల సబ్సిడీ పోను 3 కిలోవాట్ల సెట్‌కి చేతి నుంచి పడేది కూడా ఇంచుమించు అంతే. పైగా ఆ పథకాన్ని 2026-27 వరకే ప్రకటించారు.

ఒక రిటైర్డ్ మాస్టారి ఇంటికి వెళ్లాను. ఆయన అట్ట ఫైలు తెచ్చి ముందు పెట్టారు. ఒకవైపు పెరోవ్‌స్కైట్ మీద పేపర్ కటింగులు, తేదీలు రాసి వరసగా అంటించి ఉన్నాయి. రెండోవైపు కరెంటు బిల్లులు. వాళ్లబ్బాయి స్నేహితులు ఆగమన్నారని రెండు ఎండాకాలాలు ఆగారు. ఇంట్లో రెండు ఏసీలు. మే నెల బిల్లు అంకె కింద ఎర్ర ఇంకుతో గీత కూడా గీశారు. "పెట్టించాక కొత్తది వస్తే ఇది పనికిరాకుండా పోతుందేమోనని నా భయం బాబూ" అన్నారు. ఆ భయం చిన్నది కాదు. పెన్షన్ మీద బతికే మనిషి లక్ష రూపాయలు బయటికి తీయడం అంటే మాటలా? ప్యానెల్ ఏటా అర శాతం చొప్పున తగ్గుతుందనీ, వారంటీ 25 ఏళ్లనీ, మార్కెట్లోకి ఏది వచ్చినా దానివల్ల ఆయన డాబా మీది కరెంటు ఒక్క యూనిట్ కూడా తగ్గదనీ కాగితం మీద రాసి ఇచ్చాను. దాన్ని కూడా ఆ ఫైల్లోనే పెట్టుకున్నారు. వారం తిరక్కుండా ఫోన్ చేశారు.

ఒక్క హెచ్చరిక. రాబోయే ప్యానెల్‌కి ఇప్పుడే బుకింగ్ అంటూ ఎవరైనా అడ్వాన్స్ అడిగితే రూపాయి కూడా ఇవ్వకండి.

అపోహ: లిథియం బదులు సోడియం వాడే బ్యాటరీ చవగ్గా వస్తోంది, అది వచ్చాకే సోలార్.

వాస్తవం: చైనాలో బ్యాటరీ కంపెనీ సీఏటీఎల్ 2021లోనే సోడియం సెల్ ప్రకటించింది, మంచి టెక్నాలజీ. కానీ నెట్ మీటర్ ఉన్న ఇంటికి బ్యాటరీతో పనే లేదు. పగలు మిగిలింది లైన్‌లోకి వెళ్తుంది, రాత్రి వాడుకున్నదాంట్లోంచి తీసేస్తారు. తర్వాత బ్యాటరీ కావాలనుకునేవాళ్లు ఇప్పుడే బ్యాటరీ కూడా తగిలించుకోగల హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోండి, సరిపోతుంది.

అపోహ: సోలార్ ఉంటే కరెంటు పోయినా మన ఇంట్లో లైట్లు వెలుగుతాయి.

వాస్తవం: వెలగవు, బ్యాటరీ లేకపోతే. లైన్‌లో కరెంటు పోగానే సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) తనంతట తనే ఆగిపోతుంది. ఆగాలి కూడా. పోల్ ఎక్కి పనిచేస్తున్న లైన్‌మన్‌కి మీ డాబా మీది కరెంటు తగిలితే ప్రాణం పోతుంది. ఇది ముందే చెప్పకుండా అమ్మేవాళ్ల మీద నాకు నిజంగా మండుతుంది. అర్ధరాత్రి ఫ్యాన్ ఆగాక చంటిపిల్లని ఎత్తుకుని ఫోన్ చేసే తల్లికి అప్పుడు ఏం సమాధానం చెప్పాలి?

అపోహ: ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ.

వాస్తవం: కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్ వెనక లేబుల్ మీద ఉండే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మే మధ్యాహ్నం ప్యానెల్ మీద చెయ్యి ఆనించలేం, 65 డిగ్రీల దాకా పోతుంది. డిగ్రీకి 0.3 శాతం చొప్పున తగ్గినా 12 శాతం పోయినట్టే. అందుకే స్ట్రక్చర్‌ని స్లాబుకి ఆనించకుండా కింద గాలి ఆడేలా ఎత్తుగా కట్టమంటాను.

ఫ్యూజన్ గురించి రెండు ముక్కలు. 2022 డిసెంబర్‌లో అమెరికా ల్యాబ్‌లో 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తికి 3.15 మెగాజౌళ్లు వచ్చాయి. గొప్ప రోజది, మా బ్యాచ్‌లో రాత్రంతా అదే చర్చ. కానీ ఆ లేజర్లు వెలిగించడానికి లైన్ నుంచి లాగింది దాదాపు 300 మెగాజౌళ్లు. దాన్ని చూసుకుని వచ్చే నెల బిల్లు లెక్క వేయకండి. నీళ్లతో నడిచే కారు వీడియో పంపేవాళ్లకి కూడా ఒక్క మాటే: నీళ్లలోంచి హైడ్రోజన్ తీయడానికి పెట్టే కరెంటు, ఆ హైడ్రోజన్ తిరిగి ఇచ్చేదాని కన్నా ఎక్కువ.

నిజంగా ఆగాల్సినవాళ్లు కొందరున్నారు. పై అంతస్తు వేసే ఆలోచన ఉన్నవాళ్లు, స్లాబు కారుతున్నవాళ్లు ముందు ఆ పని చూసుకోండి. నెలకి వంద యూనిట్లు కూడా దాటని ఇళ్లకి తొందరేం లేదు. దక్షిణం వైపు అపార్ట్‌మెంట్ లేస్తుంటే అది పూర్తి ఎత్తు లేచాక డిసెంబర్‌లో ఉదయం తొమ్మిదింటికి ఒకసారి, పన్నెండింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి డాబా ఎక్కి నీడ ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో గీయండి. సూర్యుడు బాగా దక్షిణానికి వాలేది అప్పుడే. ఆ గీత బయట ఆరు ప్యానెళ్లకి చోటుంటే మీరు ఆగాల్సిన పనిలేదు.