ఏలేరు కాలువ నుంచి డేటా సెంటర్ దాకా

2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో డేటా సెంటర్ (రాత్రింబవళ్లు నడిచే వేల సర్వర్ కంప్యూటర్ల కేంద్రం) కోసం ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించగానే ముందు వినపడింది ఉద్యోగాల మాటే. కరెంటు ఎంత కావాలి, నీళ్లు ఎక్కడివి అన్న ప్రశ్నలు ఆ సందడిలో వెనకబడ్డాయి. ఈ ఊరికి అవేమీ కొత్త ప్రశ్నలు కావు.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఏలేరు నీళ్లను దాదాపు 150 కిలోమీటర్ల కాలువలో తెచ్చుకున్న ఊరిది. నగరంలో కుళాయిలకూ ఆ నీళ్లే ఆసరా అయ్యాయి. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం 2,000 మెగావాట్లకు పెరిగింది. యంత్రాలను చల్లబరచడానికి సముద్రపు నీరు వాడుతుంది కాబట్టి మంచినీటికి కొంత నయం, బూడిద బెడద మాత్రం చుట్టుపక్కల ఊళ్లది.

ఆ తర్వాత రుషికొండ, మధురవాడ కొండల మీదికి ఐటీ వచ్చింది. పొగ లేని పరిశ్రమ అన్నారు. ఆఫీసులో పొగ లేదు, నిజమే. అది కరెంటు తయారయ్యే చోట ఉంది! 2014 హుద్‌హుద్ తుపానుకి కరెంటు పోయి సెల్ టవర్లు మూగబోయినప్పుడు, జనరేటర్ ఉన్న ఇంటి ముందు ఛార్జర్లు పట్టుకుని నిలబడ్డవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

2023 మేలో మధురవాడలో అదానీ డేటా సెంటర్‌కు శంకుస్థాపన జరిగింది. దాని సామర్థ్యం 300 మెగావాట్లు, అంటే అంత కరెంటు వాడుకోగలదు. గూగుల్‌ది ఏకంగా 1,000 మెగావాట్లు. తర్లువాడ, అడవివరం, రాంబిల్లిలో స్థలాలు చూశారు. పూర్తిగా నడిస్తే రోజుకు 2.4 కోట్ల యూనిట్లు, అంటే సింహాద్రి సామర్థ్యంలో సగం. అడవివరం పక్కనే ముడసర్లోవ రిజర్వాయర్ మీద తేలే సోలార్ ప్లాంటు ఉంది. 2018లో గొప్పగా చెప్పుకున్న దాని సామర్థ్యం 2 మెగావాట్లు.

ప్రపంచం మొత్తమ్మీద 2024లో డేటా సెంటర్లు 41,500 కోట్ల యూనిట్లు వాడాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. మొత్తం వాడకంలో అది ఒకటిన్నర శాతం. 2030 నాటికి రెట్టింపు దాటవచ్చట.

సర్వర్లు తిన్న కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది. నీటిని ఆవిరి చేసి చల్లబరిస్తే కరెంటు ఆదా, కానీ ఆ నీళ్లు తిరిగి రావు. నీళ్లు మిగలాలంటే కరెంటు బిల్లు పెరుగుతుంది. పైగా మే నెలలో ఒంటి మీద చెమటే ఆరని ఊరు మనది, ఆవిరి పద్ధతి ఇక్కడ అంత బాగా పనిచేయదు.

కొత్తగా స్వచ్ఛ విద్యుత్తు, నిల్వ ఏర్పాట్లు చేస్తామని కంపెనీలు అంటున్నాయి. మంచిదే. ఏడాదిలో వాడినంత స్వచ్ఛ విద్యుత్తు కొన్నామని మొత్తానికి సరిపెట్టి చూపించే లెక్క మాత్రం చాలదు. రాత్రి రెండింటికి సర్వర్లను నడిపే కరెంటు ఎక్కడిది, ఎండాకాలంలో ఏ రిజర్వాయర్ నుంచి ఎన్ని నీళ్లు తీసుకున్నారు అన్నది నెలనెలా జనం ముందు పెట్టాలి.