ముగ్గు మీద ఆయిలు మరక

అబ్బీ, పాపా,

సంక్రాంతికి మీరొచ్చినప్పుడు బుల్లెట్ స్టార్టయ్యీ కాగానే వాకిలంతా నీలం పొగ కమ్మింది. ‘తాతా, బండి కాలిపోతాందా?’ అని అడిగితిరి. దగ్గుతా ఉండి జవాబు చెప్పలేకపోతిని. తప్పు బండిది కాదు, నాదే.

అది 1974 నాటి బండి. ఆరేండ్లు కొట్టంలో పడుండె. దుమ్ము తుడిచి డిప్‌స్టిక్కు, అదే ఆయిలు కొలిచే పుల్ల, తీసి చూస్తే కొసన తడి కూడా లేదు. ఆయిలంతా కారిపోయిందనుకుని లీటరు పైనే పోస్తిని. నేల మీద ఒక్క మరకా లేదే, మరి ఎక్కడికి పోయిందని తట్టనే లేదు.

మా నాయనకు ఎద్దులబండి ఉండె. గడ్డి కాల్చిన మసి, ఆముదం కలిపి నూరితే కందెన. దాన్ని వెదురుగొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేది నా పని. శెనక్కాయల బస్తాలేసుకుని తాడిపత్రికి పోతాంటే దారిలో చక్రం కీచుమనేది. నాయన సీల పెరికి, చక్రం కొంచెం వెనక్కి లాగి, ఇరుసు మీది పాత కందెనను వేలితో తీసి బొటనవేలితో రుద్దేవాడు. నల్లగుంటే ఏమీ అనడు. పెన్న దాటినాక మజ్జిగలా తెల్లబడితే నీళ్ళు దూరినట్టు. గరగరమంటే మాత్రం చక్రం పూర్తిగా ఊడదీయాల్సిందే. నాకేమో ఆకలి. ‘పూసేయ్ నాయనా, పోదాం’ అంటే ఒక్క చూపు చూసేవాడు.

ఇంజిన్ ఆయిలూ అంతే. నలుపు చూసి భయపడొద్దు. మజ్జిగ రంగైతే నీళ్ళు. పెట్రోలు వాసనొస్తే కార్బరేటరు కారుతున్నట్టు. మెరిసే పొడి కనబడితే అయస్కాంతం పెట్టాలి. అంటితే ఇనుము, అంటకపోతే అల్యూమినియమో ఇత్తడో అరుగుతోంది. ఆముదమని నవ్వకండి. 1909లో ఇంగ్లండులో ఆముదం కలిపి చేసిన ఇంజిన్ ఆయిలుకే క్యాస్ట్రాల్ అని పేరు పెట్టినారు, ఆముదాన్ని వాళ్ళు క్యాస్టర్ అంటారు కాబట్టి.

ఇరుసు ఇరుసు అంటున్నా గానీ, ఇరుసు ఏదీ దాచిపెట్టదు. బుల్లెట్ దాస్తుంది. ఇంజిన్ పెట్టెలో ఆయిలుకు ఒక గది, ఫ్లైవీలుకు, అంటే లోపల తిరిగే బరువైన చక్రానికి, ఇంకో గది. బండి నెలల తరబడి నిలబడితే పంపు సందుల్లోంచి ఆయిలు మెల్లగా ఫ్లైవీలు గదిలోకి జారిపోతుంది. పుల్ల ముంచేది మొదటి గదిలో కదా, ఖాళీగా కనిపిస్తుంది. కిక్కు కొట్టగానే ఫ్లైవీలు ఆ ఆయిలును సిలిండరులోకి చిమ్మింది, కాలింది, నీలం పొగైంది. వెనక్కి తోడే పంపు పెద్దది, కాసేపటికి తోడేసింది. ముందు బండి తిప్పి, తరువాత పుల్ల చూసుంటే సరిపోయేది. పొగ అప్పటికీ ఆగకపోతే అరిగింది పిస్టను రింగులా, వాల్వు గైడులా అని చూడాలి, అది ఇంకో ఉత్తరం.

నేను పోసిన ఎక్కువ ఆయిలు ఇంజిన్ గాలి వదిలే ఊపిరిగొట్టంలోంచి మీ జేజి ముగ్గు మీద పడింది. ఆ సంగతి ఆమె దగ్గర ఎత్తకండి.

ఉగాదికి మీరొచ్చేదాకా ఆయిలు మార్చను. డ్రైన్ బోల్టు విప్పినప్పుడు కాస్త చల్లారనిచ్చి, ఒక చుక్క తెల్లకాగితం మీద వేసి, అంచు ఎట్లా పాకుతుందో చూద్దాం. అయస్కాంతం మీరు తెచ్చుకోండి, నా దాన్ని కోడిపిల్లల గంప కింద ఎక్కడో పారేసుకున్నా.

మీ తాత,
అనంతపురం