చుక్కల మధ్య పాట ఎక్కడికి పోయింది?

ధనుర్మాసం వస్తే చెన్నైలో తెల్లవారుజామున వాకిళ్లలో ముగ్గులు, సాయంత్రం సభల్లో కచేరీలు. పోయిన ఏడాది ఈ రెండింటినీ ముడేసి చెప్పాల్సిన పని నాకు పడింది.

సాలిగ్రామంలో మా పై అంతస్తులో ఒక పెద్దాయన ఉంటారు. 1985లో మూర్ మార్కెట్ కాలిపోకముందు అక్కడ ఏరి ఏరి కొన్న ఎల్పీ రికార్డులు ఇప్పటికీ ఆయన బీరువాలో నిలువుగా పేర్చి ఉన్నాయి. మనవడు ఆయనకి ఒక హై-రెస్ ప్లేయర్, అంటే సీడీ కన్నా ఎక్కువ కొలతలతో పాట వినిపించే పెట్టె, కొనిచ్చాడు. పెట్టె మీద 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని బంగారు రంగులో రాసుంది. పెద్దాయనకి నచ్చలేదు. లిఫ్టు దగ్గర నన్ను ఆపేశారు.

"మాస్టారూ, డిజిటల్ అంటే పాటని ముక్కలు ముక్కలుగా కొలిచి అంకెలు రాసుకోవడమేగా? మరి ముక్కకీ ముక్కకీ మధ్యనున్న పాట ఏమైపోయిందండీ? నా రికార్డులో గాడి ఎక్కడా తెగదు కదా!"

ఈ అనుమానంలో సగం పాపం మా పంతుళ్లదే. నేనూ ఏళ్ల తరబడి బోర్డు మీద అదే బొమ్మ గీశాను. ఒక నున్నటి అల, పక్కనే మెట్లు మెట్లుగా ఇంకో అల. మొదటిది అనలాగ్, రెండోది డిజిటల్, పరీక్షలో ఐదు మార్కులు. ఆ మెట్లు స్పీకర్ దాకా ఎప్పుడూ రావు. వచ్చేది నున్నటి గీతే. ఎలా వస్తుందో చెప్పడానికి మాత్రం క్లాసులో టైమ్ ఉండదు.

జవాబు మా గుమ్మం ముందే ఉంది. ఆ పొద్దున మా ఆవిడ సందు చుక్క పదిహేను, ఎనిమిది వచ్చేదాకా పెట్టింది. ఇంకా గీత పడలేదు. చుక్కలకీ చుక్కలకీ మధ్య ఖాళీ నేల. అయినా అది తామర పువ్వో, నెమలో ఆవిడకి ముందే తెలుసు. అదే చుక్కలు నా చేతికిస్తే ఏదో ఒకటి గీస్తాను. తేడా చుక్కల్లో లేదు, గీత ఎలా తిరగాలన్న నియమంలో ఉంది.

ధ్వనిలో ఒక్కో కొలతా ఒక చుక్క. అక్కడ నియమం ఒకటే: చుక్కలు పెట్టే వేగంలో సగం కన్నా తక్కువ వేగంతోనే గీత ఊగాలి. అంటే మరీ ఇరుకు మెలికలు నిషిద్ధం. ఈ షరతు పాటిస్తే అన్ని చుక్కల మీదుగా వెళ్లే గీత ఒక్కటంటే ఒక్కటే ఉంటుంది. రెండోది గీద్దామన్నా కుదరదు. 1928లో నైక్విస్ట్ అనే ఇంజనీరు దారి వేస్తే, 1949లో షానన్ అనే గణిత శాస్త్రజ్ఞుడు దీన్ని గణితంగా నిరూపించాడు. 1982లో అమ్మకానికొచ్చిన సీడీ సెకనుకి 44,100 చుక్కలు పెడుతుంది కాబట్టి 22,050 హెర్ట్జ్‌లోపు, అంటే సెకనుకి అన్ని ఊపుల లోపు, ఏ అలైనా దానికి లోబడుతుంది. మనిషి చెవి మహా అయితే 20,000 దాకా వింటుంది, మా వయసులో అదీ లేదు.

నాకు ఇందులో అన్నిటికంటే ముద్దొచ్చేది ఇంకోటుంది. అల శిఖరం సరిగ్గా రెండు చుక్కల నడుమ పడిందనుకోండి. ఆ శిఖరాన్ని ఏ చుక్కా తాకలేదు, ఎవరూ కొలవలేదు. అయినా గీత మళ్లీ గీస్తే శిఖరం అదే చోట, అదే ఎత్తున లేస్తుంది! నియమం తప్పితే మాత్రం చుక్కలు మోసం చేస్తాయి. 30,000 హెర్ట్జ్ శబ్దాన్ని లోపలికి రానిస్తే అవే చుక్కల మీద 14,100 హెర్ట్జ్ దొంగ ముగ్గు తయారవుతుంది. అందుకే కొలవకముందే ఫిల్టర్ పెట్టి అలాంటివాటిని గుమ్మం బయటే ఆపేస్తారు.

మరి బిట్లు? ఒక్కో చుక్క ఎత్తుని ఎన్ని అంకెలతో రాస్తామన్నదే బిట్లు. అవి చుక్క పెట్టే చేతి నిలకడ. చెయ్యి వణికితే చుక్క కాస్త పైకో కిందికో పడుతుంది, ఆ వణుకు మనకి సన్నటి 'స్‌స్' మోతగా వినిపిస్తుంది. అన్నిటికంటే గట్టి శబ్దానికీ ఈ మోతకీ మధ్య దూరం, బిట్టుకి సుమారు 6 డెసిబెళ్ల చొప్పున 16 బిట్లకి 96, 24 బిట్లకి లెక్క ప్రకారం 144. రికార్డుకి 60, 70 మధ్య, అంటే పదకొండు బిట్ల సరుకు. స్టూడియోలో ట్రాకులు కలిపేటప్పుడు 24 బిట్లు కావాలి, కాదనను. కింద ఆటోలు, పైన ఫ్యాను, వంటింట్లో కుక్కర్ ఉన్న హాల్లో అవి ఎవరికి?

192 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకి 1,92,000 చుక్కల సంగతీ అంతే. చుక్కలు నాలుగింతలైతే ముగ్గు నునుపెక్కదు, మన చెవికి అందని, గబ్బిలాల్లాంటివాటికే వినిపించే మెలికలు అదనంగా చేరతాయి. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలో కొందరికి హై-రెస్ పాటనీ, దాన్నే సీడీ స్థాయికి దించిన పాటనీ ఏది ఏదో చెప్పకుండా వినిపించి అడిగితే, 554 సార్లలో 276 సార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. 2016లో రైస్ అనే ఆయన ఇలాంటి పాత ప్రయోగాలు పద్దెనిమిది కలిపి లెక్కేస్తే 52.3 శాతం తేలింది. తేడా అసలు లేదని అనలేం గానీ, దాని కోసం అప్పు చెయ్యక్కర్లేదు. సీడీ అంచుకి ఆకుపచ్చ స్కెచ్ పెన్ను రాస్తే పాట తేటపడుతుందని నమ్మినవాళ్లూ ఉన్నారు. రాహుకాలం మన ఒక్కరి సొత్తేం కాదు.

ఇక తెగని గాడి. రికార్డు నిమిషానికి ముప్పై మూడూ, పైన మూడో వంతు చుట్లే తిరుగుతుంది, అంచులోనైనా నడిమధ్యనైనా అంతే. కానీ అంచున ముల్లు కింద సెకనుకి 51 సెంటీమీటర్ల గాడి జారితే, లోపలి చుట్టుకి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. 10,000 హెర్ట్జ్ అల పొడవు అంచున 51 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు), లోపల 21. గుండ్రటి ముల్లు మొన వ్యాసార్థమే 15 మైక్రాన్ల పైచిలుకు. బొటనవేలంత లావు ధారతో చిటికెన వేలంత మెలిక తిప్పమంటే ఎలా? అందుకే ప్రతి వైపూ ఆఖరి పాటలో 'స', 'శ'లు చీదుతాయి. ఇరుకు మెలికకి ఇక్కడా హద్దుంది, కాకపోతే ఆ హద్దు పాట పాటకీ లోపలికి జరుగుతుంది.

ఇదంతా చెబితే పెద్దాయన, "ఏమోనండీ, నా చెవులు అబద్ధం చెప్పవు" అన్నారు. అవీ నిజమే చెబుతున్నాయి. రికార్డు కోసేటప్పుడు బాస్ తగ్గిస్తారు, చురుకు శబ్దాలని అదుపు చేస్తారు. సీడీ మీద మాత్రం చాలా ఏళ్లు పోటీపడి గొంతు పెంచుతూ వచ్చారు. పాట ఒకటే, వండినవాళ్లు వేరు.

రిచీ స్ట్రీట్‌లో కొన్న చిన్న యూఎస్‌బీ పెట్టె పట్టుకుని ఆదివారం పైకెళ్లాను. రికార్డు శబ్దం ఒకసారి నేరుగా స్పీకర్లకి, ఒకసారి ఈ పెట్టెలో 16 బిట్ల చుక్కలై మళ్లీ గీతై వెళ్లేలా కలిపాను. రెండింటి వాల్యూమ్ సమానం చేశాను, ఎందుకంటే కాస్త గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది. మీట మనవడి చేతిలో, పెద్దాయన అటు తిరిగి కూర్చున్నారు. ముల్లు దిగింది. చిటపట, గరగర, ఆపైన వీణ. "ఇది రికార్డే", "ఇది పెట్టె", "ఆగు, ఇది రికార్డు". సగం తప్పులు.

కాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు. రికార్డు తీసి, అంచులు అరచేతులతో పట్టుకుని కవర్లో దోపారు.

"ఈ గరగర కూడా ఆ చుక్కల్లో ఇమిడిపోయిందన్నమాట."

"మొత్తం ఇమిడిందండీ."

"అయితే మాస్టారూ, మిగతావి ఎప్పుడు ఎక్కిద్దాం?"

బీరువా తలుపు తెరిచారు. నూట నలభై రికార్డులు, రెండు వైపులూ కలిపి ఒక్కోటి నలభై నిమిషాలు. నేను అక్కడే నిలబడి గంటలు లెక్కేసుకుంటున్నాను.